అండమానా, లక్షద్వీపా: మీ ఇంటికి ఏది సరిపోతుంది?

దీవులకు వెళ్దామని ఇంట్లో అనుకోగానే అందరూ ఫోన్లో ఫొటోలు వెతకడం మొదలుపెడతారు. ఫొటోల్లో అండమాన్, లక్షద్వీప్, మాల్దీవులు మూడూ ఒకేలా నీలంగా మెరిసిపోతుంటాయి. వాటిని చూసి నిర్ణయించుకోవద్దని నా సలహా. ముందు రెండు విషయాలు తేల్చుకోండి. వెంట ఎవరెవరు వస్తున్నారు? వాతావరణం బాగాలేక తిరుగు ప్రయాణం ఒకరోజు ఆలస్యమైతే తట్టుకోగలరా?

పెద్దవాళ్లు, పసిపిల్లలు వస్తుంటే నా ఓటు అండమాన్‌కే. మనవాళ్లకు పర్మిట్ గొడవ లేదు, టికెట్, ఆధార్ ఉంటే చాలు. పర్యాటకులను రానివ్వనిది నికోబార్‌కు, ఆదివాసీల రక్షిత ప్రాంతాలకు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు నడుస్తున్నాయి, కుదరకపోతే చెన్నై మీదుగా వెళ్లొచ్చు. చెన్నై నుంచి ఓడలు కూడా ఉన్నాయి కానీ సముద్రంలోనే దాదాపు మూడు రోజులు గడిచిపోతాయి. సెలవు తక్కువగా ఉంటే ఆ ఆలోచన వద్దు. రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయ పురం అని పేరు మార్చారు, వాడుకలో ఇంకా పాత పేరే వినిపిస్తుంది. అక్కడ పెద్ద ఆసుపత్రి ఉంది, అన్ని ధరల్లో హోటళ్లు ఉన్నాయి. అన్నిటికంటే మనకు ధైర్యం ఇచ్చేది భాష. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. హిందీ రాని అమ్మమ్మ కూడా బజారులో బేరం ఆడుకోవచ్చు.

సెల్యులార్ జైలును హడావిడిగా చూసి రాకండి. 1906లో కట్టడం పూర్తయినప్పుడు దానికి ఏడు విభాగాలుండేవి, ఇప్పుడు మిగిలింది మూడే. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను శిక్ష వేసి పంపింది అండమాన్‌కే. తర్వాత 1952లో ఆయన విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. పిల్లలను ఆ గదుల ముందు నిలబెట్టి ఈ సంగతి చెప్పండి. నా దృష్టిలో ఈ ఒక్క చోటు కోసమైనా తెలుగు కుటుంబం జీవితంలో ఒకసారి అండమాన్ వెళ్లాలి.

అండమాన్‌లో చాలామంది ప్లాన్ చెడగొట్టుకునేది ఫెర్రీల దగ్గర. హావ్‌లాక్‌కు, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌కు, ప్రైవేటు బోటులో గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. గాలి లేచిందంటే అది రద్దవుతుంది. హావ్‌లాక్ నుంచి పొద్దున బయల్దేరి అదేరోజు విమానం ఎక్కుదామని ఎవరైనా ప్యాకేజీ ఇస్తే వద్దని చెప్పండి. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. ఇంకొకటి, ఆ దీవులు మనకు చాలా తూర్పున ఉన్నాయి, గడియారం మాత్రం మనదే. చలికాలంలో సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడిపోతుంది. హావ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూడాలంటే మధ్యాహ్నం భోజనం కాగానే కదలాలి. ఉప్పునీటి మొసళ్లు తిరిగే తీరాల్లో హెచ్చరిక బోర్డులుంటాయి, వాటిని దాటి నీళ్లలోకి దిగకండి.

లక్షద్వీప్ సంగతి వేరు. 36 దీవులు, మొత్తం కలిపి 32 చదరపు కిలోమీటర్లే, మనుషులు ఉండేవి పది. చూడటానికి కోటలు, కొండలు, బజార్లు ఉండవు. ఉన్నది నీరే. దీవి చుట్టూ పగడపు దిబ్బ గోడలా నిలబడి కెరటాలను బయటే ఆపేస్తుంది. లోపలి నీటి మడుగు (లగూన్) నిశ్చలంగా, అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. ఈత రానివాళ్లు కూడా లైఫ్ జాకెట్ వేసుకుని ముఖం నీళ్లలో పెట్టి చేపలను చూడొచ్చు. నీటి విషయంలో మాత్రం అండమాన్ దీనికి సాటి రాదు.

అయితే అక్కడికి చేరడమే పెద్ద పని. భారతీయులకైనా ఎంట్రీ పర్మిట్ తప్పనిసరి. విమానాశ్రయం అగత్తిలో ఒక్కటే ఉంది, కొచ్చి నుంచి చిన్న విమానాలు వెళ్తాయి, సీట్లు తక్కువ. కొచ్చి నుంచి ఓడలో దీవిని బట్టి 14 నుంచి 20 గంటల ప్రయాణం. ప్రభుత్వం నడిపే 'సముద్రం' ప్యాకేజీలో పగలు దీవుల్లో, రాత్రి ఓడలో ఉంటారు. ప్యాకేజీ వాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. చాలా దీవుల దగ్గర పెద్ద ఓడ లోపలిదాకా రాలేదు, సముద్రం మధ్యలోనే ఊగుతున్న చిన్న పడవలోకి దిగాలి. సిబ్బంది చెయ్యి పట్టుకుని దించుతారు, అయినా మోకాళ్ల నొప్పులున్న నాన్నగారికి అది పరీక్షే. భోజనంలో చూర (ట్యూనా) చేప, కొబ్బరి, అన్నం ముఖ్యం. శాకాహారులు ముందే చెప్పుకోవాలి, పచ్చళ్ల సీసా వెంట ఉంచుకోవాలి. ఊళ్లున్న దీవుల్లో ఒంటినిండా బట్టలు వేసుకుని తిరగడం మర్యాద. మద్యం అనుమతి ఉన్నది బంగారం అనే దీవిలో మాత్రమే. మంచినీళ్లు ఇసుక కింద పలచటి పొరగా మాత్రమే ఉంటాయి కాబట్టి, స్నానానికి బకెట్లకు బకెట్లు పోసుకోకండి.

మాల్దీవులు కొత్త జంటకు బాగుంటాయి. మన పాస్‌పోర్టుకు అక్కడ దిగాక ఉచితంగానే వీసా ఇస్తారు. కుటుంబమంతా వెళ్తే రిసార్టు, సీప్లేన్ ఖర్చు మీద పడుతుంది. ఆ డబ్బుతో లక్షద్వీప్‌లో అలాంటి నీళ్లే చూడొచ్చు కాబట్టి నేనైతే అటు మొగ్గను.

ఇక సెలవులను బట్టి చూస్తే, సంక్రాంతికి రెండు చోట్లా బాగుంటుంది. దసరాకు అండమాన్‌లో ఇంకా వానలే. వేసవి సెలవులైతే ఏప్రిల్ చివర్లో లేదా మే మొదట్లోనే వెళ్లిరావాలి, ఆ తర్వాత అండమాన్‌కు రుతుపవనాలు ముందుగానే వస్తాయి, లక్షద్వీప్‌లో పర్యాటక ఓడలు ఆగిపోతాయి. లక్షద్వీప్ అనుకుంటే ముందు పర్మిట్, ఓడ సీటు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే కొచ్చికి టికెట్లు తీసుకోండి.