వెబ్ సర్వర్ కోసం లినక్స్ కెర్నెల్‌ను పదేళ్లు కెలికాక

సర్వర్ నెమ్మదించగానే అందరిలాగే నేనూ మొదట ర్యామ్ పెంచాను. ఫలితం సున్నా. సీపీయూ ఖాళీగానే ఉంది, అయినా కొన్ని రిక్వెస్టులకు సరిగ్గా ఒక సెకను, కొన్నిటికి మూడు సెకన్లు ఆలస్యం. ఆలస్యం అలా లెక్కపెట్టినట్టు రావడంతోనే అనుమానం వచ్చింది.

తీరా చూస్తే, సర్వర్ అందుకునేదాకా కొత్త కనెక్షన్లు ఆగే క్యూ నిండిపోతోంది. ఆ క్యూ పొడవుకు సోమాక్స్‌కాన్ అనే హద్దు అప్పటి కెర్నెళ్లలో (కెర్నెల్ అంటే లినక్స్ గుండెకాయ) డిఫాల్ట్‌గా 128. నా వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ ఎంజిన్ఎక్స్ 511 అడుగుతుంది, కెర్నెల్ దాన్ని 128కి కత్తిరిస్తుంది. క్యూలో చోటు లేకపోతే కొత్తగా వచ్చినవాణ్ణి చప్పుడు లేకుండా వదిలేస్తుంది. అవతలి కంప్యూటర్ ఒక సెకను ఆగి మళ్లీ తలుపు తడుతుంది, అప్పుడూ కాకపోతే ఇంకో రెండు సెకన్లు ఆగుతుంది. మన యాక్సెస్ లాగ్‌లో ఈ గోలంతా కనిపించదు. ఒక్క అంకె మార్చి సర్వర్‌ను రీస్టార్ట్ చేశాక ఆ టెన్షన్ పోయింది. 5.4 కెర్నెల్ నుంచి డిఫాల్టే 4096 కాబట్టి కొత్తవాళ్లకు ఈ బాధ తక్కువ.

సెండ్‌ఫైల్ అనే కెర్నెల్ సదుపాయంతో నాకు కొన్నాళ్లు ప్రేమ, కొన్నాళ్లు అలక. ఫైల్‌ను ప్రోగ్రామ్ మెమరీలోకి తేకుండా కెర్నెల్ నేరుగా సాకెట్‌లోకి, అంటే నెట్‌వర్క్ కనెక్షన్‌లోకి, పంపేస్తుంది, బొమ్మలూ వీడియోలూ ఇచ్చే సర్వర్‌కు వరం. కానీ హెచ్‌టీటీపీఎస్‌కు మారాక ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్‌లోనే జరగాలి, దాంతో ఆ లాభం పోయింది. 4.13 కెర్నెల్‌లో వచ్చిన, ఆ ఎన్‌క్రిప్షన్‌ను కెర్నెలే చేసే కెర్నెల్ టీఎల్ఎస్ దాన్ని తిరిగి తెచ్చింది. అయితే ఎంజిన్ఎక్స్, ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్ఎస్ఎస్ఎల్ కూడా దానికి సిద్ధపడాలి, నా దాకా రావడానికి ఏళ్లు పట్టింది.

3.9లో వచ్చిన రీయూజ్‌పోర్ట్ అనే ఆప్షన్‌తో ఎంజిన్ఎక్స్‌లో రిక్వెస్టులు చూసే ప్రతి వర్కర్ ప్రాసెస్‌కూ సొంత క్యూ దొరుకుతుంది, లోడ్ సమంగా పడుతుంది. కానీ ఒక వర్కర్ బరువైన పనిలో ఇరుక్కుంటే, పక్కవాళ్లు ఖాళీగా ఉన్నా దాని క్యూలోని వాళ్లు ఆగాల్సిందే. నా సర్వర్‌లో సగటు బాగుపడింది, అరుదుగా వచ్చే పెద్ద ఆలస్యాలు పెరిగాయి. తీసేశాను.

డేటా ఎంత వేగంగా పంపాలో తేల్చే పద్ధతి బీబీఆర్ 4.9 నుంచి ఉంది. మన వైపు మాత్రమే పెడితే చాలు. మధ్యలో ప్యాకెట్లు పోయే దూరపు లింకుల్లో డౌన్‌లోడ్ తేడా కంటికే కనిపించింది, లోపలి నెట్‌వర్క్‌లో ఏమీ లేదు. చదవడం, రాయడం పనులను కెర్నెల్‌కు అప్పగించే కొత్త పద్ధతి ఐఓ యూరింగ్ జోలికి పోలేదు, ఏ కనెక్షన్‌లో పని ఉందో చెప్పే పాత పద్ధతి ఎపోల్ నాకు సరిపోతోంది.

పరువు పోయింది మాత్రం టీడబ్ల్యూ రీసైకిల్ అనే సెట్టింగ్ దగ్గర. ఎక్కడో చదివి, కనెక్షన్ ముగిశాక కూడా కాసేపు మిగిలిపోయే టైమ్‌వెయిట్ సాకెట్లు తగ్గుతాయని ఆన్ చేశాను. తగ్గాయి కూడా. మూడో రోజు నుంచి ఫిర్యాదులు: ఒకే ఆఫీసులో ఒకరికి సైట్ తెరుచుకుంటుంది, పక్క సీటులో ఉన్నవారికి తెరుచుకోదు. ఒకే రూటర్ వెనక ఉన్న కంప్యూటర్లు ప్యాకెట్లలో పెట్టే టైమ్‌స్టాంపులు ఒకదానితో ఒకటి పొసగకపోతే కెర్నెల్ ఆ ప్యాకెట్లను పాతవనుకుని పారేస్తోంది. 4.12లో ఆ ఆప్షన్‌నే తీసేశారు, పీడ విరగడైంది.

ఒకప్పుడు కెర్నెల్ సెట్టింగులు రాసుకునే నా సిస్‌కంట్రోల్ ఫైల్లో నలభై లైన్లు ఉండేవి. ఇప్పుడు నాలుగే, ఒక్కోదాని పక్కన ఎందుకు పెట్టానో కామెంట్ ఉంది.