రెండు స్టార్లు రాల్చిన పాఠం

పరిశోధన పద్ధతులు, స్టాటిస్టిక్స్ మీద ఒక అమెరికా సంస్థ పెట్టే వీడియో పాఠాలను మూడేళ్లుగా చూస్తున్నాను. ఒంగోలులో ఎంబీఏ క్లాసులు చెప్పుకుంటూ పీహెచ్‌డీ లాక్కొస్తున్నవాణ్ణి. వాటిలో ఏయే టాపిక్‌లు ఉన్నాయో జాబితా చూస్తే ఎవరికైనా తెలిసేదే. నేను చెప్పేది ఒక్క పాఠం సంగతి: గుంపులుగా వచ్చే డేటా.

చీమకుర్తిలో 24 గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు తిరిగి, యూనిట్‌కు పదిమంది చొప్పున 240 మందితో ప్రశ్నావళి నింపించాను. ఆ కాగితాలు పట్టుకుంటే ఇప్పటికీ వేళ్లకు రాతిపొడి అంటుతుంది. మేస్త్రీ తీరును బట్టి మనుషులు పని మానేయాలనుకుంటారా అన్నది నా ప్రశ్న. మామూలు రిగ్రెషన్ (ఒకదాన్ని బట్టి ఇంకోటి ఎంత మారుతుందో చూసే లెక్క) వేస్తే టీ విలువ 2.6 (సుమారు 2 దాటితే ఫలితాన్ని నమ్మొచ్చంటారు), పక్కన రెండు స్టార్లు, అంటే గట్టి ఫలితమన్నమాట. స్టాఫ్‌రూమ్‌లో స్వీట్లు కూడా పంచాను.

ఆ వారమే ఈ పాఠం చూశాను. ఒకే షెడ్డులో పనిచేసేవాళ్ల జవాబులు ఒకలాగే ఉంటాయి, ఒక్కొక్కరినీ విడిగా లెక్కేస్తే తప్పు అంటాడు పాఠం చెప్పే ఆయన. ఆ పోలికను కొలిచే అంకె పేరు ఐసీసీ (ఇంట్రాక్లాస్ కోరిలేషన్). నాకు 0.2 వచ్చింది. ఇంతేగా అనుకున్నా. తర్వాత ఆయన చెప్పిన లెక్క వేశా, యూనిట్‌కు పదిమంది గనక: 1 + (10 − 1) × 0.2, అంటే 2.8. దాంతో 240ని భాగిస్తే 86. ఎండలో తిరిగి పోగేసిన 240 మందీ, మేస్త్రీ గురించిన ప్రశ్న వరకు, 86 మంది పెట్టు! ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో మల్టీలెవెల్ మోడల్ (గుంపులను కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి) వేస్తే టీ విలువ 1.5కు దిగింది. స్టార్లు రెండూ పోయాయి. గైడ్‌కు ఫోన్ చేయడానికి మూడు రోజులు పట్టింది. అంతకుముందు నేను వెళ్లిన వర్క్‌షాప్‌లో ఏ బటన్ నొక్కాలో చెప్పారు గానీ, ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు.

మొదట్లో ఆ సంస్థ లైవ్ క్లాసులనూ తెగ పొగిడాను, కానీ టైమే కుదరదు. న్యూయార్క్‌లో మధ్యాహ్నం ఒంటిగంటంటే మనకు రాత్రి పదిన్నర. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పితే పదకొండున్నర. పొద్దున్నే ఫస్ట్ పీరియడ్ ఉన్నవాడికి కుదిరే పని కాదు. రికార్డింగులే దిక్కు. వాటిలోనూ పాతవి కొన్ని డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తాయి.

ఫీజు కాలేజీ కట్టింది గనక సరిపోయింది, నా జేబులోంచైతే ఇంకోసారి ఆలోచించేవాణ్ణి. రిగ్రెషన్ బొత్తిగా రానివాళ్లకు ఇప్పుడే వద్దంటాను.

అన్నట్టు, ఆ రోజు ఫారం నింపుతూ ఒక పాలిషర్ అన్నాడు: "మా షెడ్లో ఎవర్నడిగినా ఇదే చెప్తారు సార్. పదిమందినీ అడగడం దేనికి?" నవ్వేసి, పక్కవాడికి ఇంకో కాగితం ఇచ్చాను.