ద్రవ లోహపు బేరింగు: పరుగులో భేష్, ఆగేటప్పుడే చిక్కు

గాలియం, ఇండియం, తగరం కలిసిన మిశ్రలోహమే కందెనగా పనిచేసే ఈ బేరింగును ప్రధానంగా సీటీ స్కానర్లలోని ఎక్స్‌రే ట్యూబుల కోసం తయారు చేస్తారు. ట్యూబు లోపలి శూన్యంలో గ్రీజు ఆవిరైపోతుంది కనుక అక్కడ చాలాకాలం వెండి లేదా సీసం పూసిన బాల్ బేరింగులే దిక్కయ్యాయి. పూత అరిగేకొద్దీ రొద పెరిగేది. ఫిలిప్స్ సంస్థ 1989లోనే ద్రవ లోహపు బేరింగుతో ట్యూబును విడుదల చేసింది కాబట్టి ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. మేము పరీక్షించినది మరో తయారీదారుది.

వాక్యూమ్ గదిలో నిమిషానికి 10,000 చుట్ల వద్ద మాకు వినబడినది పంపు చప్పుడు మాత్రమే. తేలికపాటి భారం మీద షాఫ్టు, అంటే తిరిగే ఇరుసు, తన వేగంలో దాదాపు సగం వేగంతో స్లీవులో, అంటే దాన్ని చుట్టి ఉండే గొట్టంలో, మధ్య నుంచి తొలగి గింగిరాలు కొట్టడం గాడులు లేని నున్నటి బేరింగులకు ఉన్న పాత జబ్బు. ఇక్కడ షాఫ్టు మీద చెక్కిన, కొన్ని మైక్రాన్ల లోతు మాత్రమే ఉన్న చేపముల్లు గాడులు ద్రవాన్ని మధ్యకు నెట్టి ఆ జబ్బును అణచివేశాయని కంపనాల గ్రాఫు స్పష్టంగా చూపింది. బాల్ బేరింగులో గుండ్లు బిందువుల వద్ద మాత్రమే తాకుతాయి. ఈ లోహపు పొర మొత్తం ఉపరితలాన్ని అంటి ఉంటుంది కాబట్టి ఆనోడు (ఎక్స్‌రేలు పుట్టే, తిరిగే పళ్లెం) వేడి, విద్యుత్తు రెండూ దీని గుండా సాఫీగా బయటికి పోతాయి.

అయితే ఈ గుణమే పరీక్షకు అడ్డు వచ్చింది. నూనె బేరింగులో షాఫ్టు స్లీవును తాకిందో లేదో విద్యుత్ నిరోధం కొలిచి తేల్చవచ్చు. ఇక్కడ కందెనే విద్యుద్వాహకం కనుక ఆ కిటుకు పారదు. అందుచేత మోటారును ఆపి, వేగం తగ్గే తీరును గమనించాము. చాలాసేపు నునుపుగా దిగిన రేఖ చివర్లో ఒక్కసారిగా కూలింది: ద్రవపు పొర పలచబడి, షాఫ్టు లోహం స్లీవు లోహాన్ని రాసుకొనే ఘట్టమది. విప్పి చూడగా, స్లీవు అంచున నల్లని జిగురు ముద్ద, అంటే ఆక్సైడు, పేరుకొని ఉంది. సీలు వద్ద గాలి కొద్దిగా చొరబడినట్టే లెక్క.

అల్యూమినియం బిగింపులను దీని దరిదాపులకు రానివ్వకూడదు. గాలియం వాటిని పెళుసుబారుస్తుంది. రోజంతా ఆపకుండా తిప్పేవారికి ఈ బేరింగును నిస్సంకోచంగా సూచిస్తాను. మాటిమాటికీ ఆపి నడిపే యంత్రానికి మాత్రం వద్దంటాను, ఎందుకంటే తయారీదారు పత్రంలో గరిష్ఠ వేగాన్ని పెద్ద అక్షరాలతో వేశారే గాని, ఎన్నిసార్లు ఆపి మొదలుపెట్టవచ్చో ఎక్కడా చెప్పలేదు.