ప్లగ్ పెట్టి చూడకుండా తక్కె కొనకండి

క్రిస్మస్ ముందు నార్వేలో పాత సామాన్ల యాప్ తెరిస్తే చాలు, తక్కెలు వరసగా కనిపిస్తాయి. అదే, లెఫ్స అనే పలచటి బంగాళాదుంప రొట్టె కాల్చే పెద్ద గుండ్రటి కరెంటు పెనం. నిన్న బెర్గెన్‌లో ఒకటి 900 క్రోనర్లు పెట్టి కొన్నాను. కోపం ఇంకా తగ్గలేదు.

"బాగా పనిచేస్తుంది, నాలుగైదు సార్లే వాడాం" అని అమ్మినవాడు మెసేజ్‌లో రాశాడు. వెళ్లేసరికి కవర్లో చుట్టి గుమ్మం దగ్గర పెట్టి ఉంది. ఒకసారి ప్లగ్ పెట్టి చూపిస్తారా అంటే లోపల పాప పడుకుందన్నాడు. నేనూ సరేనని డబ్బు పంపేశాను. తప్పు నాదే, పట్టుబట్టి అడగాల్సింది.

అప్పటికే రెండు కిలోల బంగాళాదుంపలు ఉడికించి, వేడిమీదే నలిపి, వెన్నా ఉప్పూ కలిపి రాత్రంతా చల్లార్చాను. పిండి మాత్రం సరిగ్గా వత్తబోయేటప్పుడే కలపాలి. చాలా ముందుగా కలిపితే ముద్ద చెమ్మగిల్లి కర్రకు అతుక్కుంటుంది. ఇదంతా నాకు నేర్పింది మా పై అంతస్తు పెద్దావిడ. మోకాళ్ల నొప్పులతోనే, తన గాడుల అప్పడాల కర్ర పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

మొదటి లెఫ్స సగం గోధుమరంగు మచ్చలతో చక్కగా కాలింది. మిగతా సగం తెల్లగా, పచ్చిగా ఉండిపోయింది. ఇంకోటి వేశాం, అంతే. చెయ్యి దగ్గర పెడితే ఒక పక్క అసలు వేడే లేదు. ప్లగ్ తీసి, చల్లారాక తిరగేసి చూశాం. అడుగున మరలు విప్పి మళ్లీ బిగించిన గీతలు, ఇంకా మెరుస్తున్నాయి. అంటే పాడైందని తెలిసే అమ్మాడు.

వెంటనే తీసుకెళ్లాను. తలుపు సగమే తెరిచి, "ఉన్నది ఉన్నట్టే అమ్మాను" అన్నాడు. అడుగున ఉన్న గీతలు చూపించాను. వాటివైపు చూడనుకూడా చూడలేదు. "లెఫ్స కాల్చడం మీవాళ్లకు రాదులే. మీ దోసెలకు ఆ సగం చాలు" అని తలుపు వేసేశాడు. తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. ఈ ఊరి వంట ఇష్టపడి నేర్చుకుంటుంటే ఆ మాటా! డబ్బు పోయిందన్న బాధ కంటే అదే ఎక్కువ గుచ్చుకుంటోంది. ఇంట్లో ఆ పెద్దావిడ ఇంకా నాకోసం కూర్చునే ఉంది. ఏం చెప్పాలో తెలియలేదు.

కొనేవాళ్లు కాస్త పొడి పిండి వెంట తీసుకెళ్లండి. పెనం బాగా వేడెక్కాక అంతటా పలచగా చల్లితే, అన్ని వైపులా ఒకేలా రంగు మారాలి. మెసేజ్‌లు చెరపకండి. ఉన్నది ఉన్నట్టు అమ్మినా, అమ్మినవాడు చెప్పింది అబద్ధమైతే అది లోపం కిందే లెక్క అని 1988 నాటి కొనుగోళ్ల చట్టం చెబుతోంది. అదే రాసి పొద్దున పంపాను. చూసినట్టు గుర్తు పడింది, జవాబు మాత్రం రాలేదు.