ఫేస్‌లిఫ్ట్‌లో వేరి-స్టిమ్ 3: కండరం కదిలితే సరే, కదలకపోతే?

లావుపాటి పెన్నులా చేతిలో ఇమిడే వేరి-స్టిమ్ 3 నర్వ్ స్టిములేటర్. కొద్దిపాటి కరెంట్‌తో నరాన్ని తట్టి, కండరం కదిలిందా లేదా చూపించే దీన్ని ఒక్కసారి వాడి పారేయాలి. బ్యాటరీ లోపలే ఉంటుంది. 0.5, 1, 2 మిల్లీ ఆంపియర్ల సెట్టింగులు, వైరు చివర చర్మం కింద గుచ్చే సూది, అంతే. నరాలను కనిపెట్టే పెద్ద మానిటర్‌కు లాగా ఒక్కో కండరానికీ ఎలక్ట్రోడ్లు పెట్టక్కర్లేదు.

ఎస్‌మాస్‌ను (ముఖంలో చర్మం, కొవ్వు కింద ఉండే కండర పొర) పైనుంచి మడిచి కుట్లు వేసే ప్లైకేషన్‌కు ఇది దండగ. పనికొచ్చేది ఎస్‌మాస్ కిందికి వెళ్లి చేసే డీప్ ప్లేన్ లిఫ్ట్‌లో. ముఖ కండరాలను కదిలించే ఫేషియల్ నర్వ్ కొమ్మలు చెవి ముందుండే పరోటిడ్ గ్రంథి దాటాక ఎస్‌మాస్ కిందే నడుస్తాయి. చెంప ఎముకకు పైపొరలను పట్టి ఉంచే జైగోమాటిక్ లిగమెంట్లు విడదీసేటప్పుడు కత్తెర మొనకు ఎదురయ్యే తెల్లటి పోగు లిగమెంటా, నరమా అన్న సందేహం వస్తే కోసే ముందే తాకించి చూడొచ్చు.

సూదిని ముఖానికి దూరంగా, భుజం వైపు గుచ్చండి. కనుబొమ, కనురెప్ప, పెదవి మూల రోగిపై కప్పే గుడ్డ (డ్రేప్) కింద పడిపోకూడదు. 0.5తో మొదలుపెట్టండి. నెత్తురు, సెలైన్ తుడిచాకే తాకించాలి, తడిలో కరెంట్ పక్కకు పోతుంది. ఏకంగా 2కి పెంచితే పక్కనున్న నరం కూడా స్పందించి తికమక పెడుతుంది. నమిలే కండరం మాసెటర్ బిగుసుకుంటే లెక్కలోకి తీసుకోవద్దు, దాని నరం ఫేషియల్ కాదు, ట్రైజెమినల్.

అసలు చిక్కు ఏ కదలికా రానప్పుడు. మత్తుతో పాటు ఇచ్చే రిలాక్సెంట్ (కండరాలను సడలించే మందు) ప్రభావం మిగిలి ఉంటే నరం మీద పెట్టినా కండరం కదలదు. విచిత్రమేమిటంటే, అప్పుడు కూడా నేరుగా కండరాన్ని తాకితే అదురుతుంది. కాబట్టి ముందుగా మెడ మీది పలుచని కండరం ప్లాటిస్మా మీద పెట్టి 'పనిచేస్తోంది' అనుకోవడం తప్పు, అనస్థీషియా వారిని ట్రెయిన్ ఆఫ్ ఫోర్ (రిలాక్సెంట్ ఎంత మిగిలిందో చూసే పరీక్ష) అడగాలి. లోతుగా ఇచ్చిన లిగ్నోకైన్ (ఆ చోట మొద్దుబార్చే మందు) కూడా నరాన్ని నిద్రపుచ్చుతుంది. మౌనాన్ని నమ్మి కత్తెర వేయొద్దు.

అందుకే మ్యాపు బుర్రలో ఉండాల్సిందే. కనుబొమను లేపే ఫ్రంటల్ కొమ్మకు పిటాంగీ రేఖ: ట్రేగస్‌కు (చెవి రంధ్రం ముందుండే చిన్న మృదులాస్థి) 0.5 సెం.మీ. దిగువ నుంచి కనుబొమ బయటి కొసకు 1.5 సెం.మీ. ఎగువకు. కింది పెదవిని కదిలించే మార్జినల్ మాండిబ్యులర్ కొమ్మపై డింగ్‌మన్, గ్రాబ్ 1962లో చెప్పింది నేటికీ పనికొస్తుంది: ఫేషియల్ ఆర్టరీకి వెనక 19 శాతం ముఖాల్లో అది దవడ అంచుకు కిందికి దిగింది, ముందు మాత్రం అన్నిట్లోనూ అంచుకు పైనే. ఫేషియల్ నర్వ్ కొమ్మల్లో చెంపలో నడిచే బక్కల్ కొమ్మలకు తగిలే దెబ్బలే ఎక్కువ, కానీ వాటి మధ్య లంకెలు చాలా కాబట్టి కోలుకుంటాయి. ఫ్రంటల్, మార్జినల్ మాండిబ్యులర్ కొమ్మలకు లంకెలు తక్కువ, అక్కడ జరిగిన నష్టం మిగిలిపోవచ్చు.

ఫేస్‌లిఫ్ట్‌లో అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతినే గ్రేట్ ఆరిక్యులర్ నరం విషయంలో ఈ పరికరం ఏ సాయమూ చేయదు. అది స్పర్శ నరం, కదిలించడానికి కండరమే లేదు. చెవి రంధ్రానికి 6.5 సెం.మీ. దిగువన, మెడ పక్కనుండే స్టెర్నోమాస్టాయిడ్ కండరం మధ్యలో దాన్ని ఊహించి, కండరం పైపొర చెక్కుచెదరకుండా చూసుకోవాలి.

నరం తెగలేదని తేల్చుకోవాలంటే అనుమానం ఉన్న చోటికి వెనక, అంటే పరోటిడ్ వైపు తాకించండి. ముందు వైపు తాకిస్తే మోసపోతారు, ఎందుకంటే తెగిన నరం అవతలి ముక్క (కండరం వైపుది) దాదాపు 72 గంటల వరకు స్పందిస్తూనే ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక కనుబొమ లేవకపోతే లిగ్నోకైన్ దిగేదాకా ఆగండి. మర్నాటికీ అలాగే ఉండి, తెగిందన్న అనుమానం బలంగా ఉంటే మాత్రం ఆ గడువు లోపే మళ్లీ తెరవాలి. తర్వాతైతే అవతలి కొసను వెతకడానికి ఈ పరికరం అక్కరకు రాదు.