టీపీఎస్ పునర్నమోదు పేరుతో డబ్బు గుంజుతున్న ఇర్వింగ్ కన్సల్టెంటుతో జాగ్రత్త

డల్లాస్ చుట్టుపక్కల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవారికి ఈ పెద్దమనిషి పేరు నేను చెప్పనవసరం లేదు. పన్నుల కాలంలో పన్నులు, మిగతా కాలంలో వీసాలు, రెండూ లేనప్పుడు ఇళ్ల రుణాలు చూసే ఆ ఇర్వింగ్ కన్సల్టెంటు, నేపాలీలకు అప్పటికి ఉన్న తాత్కాలిక రక్షణ హోదాను, అంటే స్వదేశంలో విపత్తు వచ్చినవారిని అమెరికాలో కొంతకాలం ఉండి పనిచేసుకోనిచ్చే, అందరూ టీపీఎస్ అని పిలిచేదాన్ని, పునర్నమోదు చేయిస్తానని మా రెస్టారెంట్ వంట మాస్టరు దగ్గర రెండు విడతలుగా 2,400 డాలర్లు నగదు తీసుకుని, ప్రభుత్వానికి ఒక్క కాగితం కూడా పంపలేదు. నిన్న నిలదీయడానికి వెళ్లినప్పుడు ఆయన అన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది కాబట్టి, కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

వెనకటి కథ క్లుప్తంగా చెబుతాను. 2015 ఏప్రిల్ 25న వచ్చిన భూకంపం తరువాత, ఆ ఏడాది జూన్ 24 నాటికే అమెరికాలో ఉన్న నేపాలీలకు టీపీఎస్ ఇచ్చారు. 2018లో రద్దు చేస్తామన్నారు, వ్యవహారం కోర్టుకెక్కి ఆగింది, 2023లో ఆ రద్దును వెనక్కి తీసుకుని 2025 జూన్ 24 వరకు గడువు పొడిగించారు. నేపాల్‌లోని సింధుపాల్‌చోక్‌లో ఇల్లు కూలిపోయిన మా మాస్టరు అప్పటి నుంచీ ప్రతిసారీ ఒక స్వచ్ఛంద సంస్థ సాయంతో కాగితాలు సరిచేసుకుంటూనే ఉన్నాడు. ఈసారి ఆ సంస్థవాళ్లు, అమెరికా ప్రభుత్వ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రకటన వచ్చేదాకా చేయగలిగిందేమీ లేదు, ఆగమన్నారు. నిజం చెప్పినవారు ఆగమంటే, మన కన్సల్టెంటు మాత్రం 2025 మే నెలలోనే ముందుగా దరఖాస్తు వేసేస్తే వరుసలో ముందుంటామని చెప్పి 1,900 డాలర్లు పుచ్చుకున్నాడు. మనవాడే కదా, కాస్త చూసి చేస్తాడని మాస్టర్ని అక్కడికి పంపిన ఘనత నాదే.

ముందుగా వేయడమనేది అసలు లేనే లేదు. ప్రభుత్వం పొడిగింపు ప్రకటించి, పునర్నమోదుకు గడువు తెరిచిన తరువాతే ఆ దరఖాస్తుకు అర్థం ఉంటుంది. అంటే ఆయన అమ్మింది అప్పటికి పుట్టని వస్తువును. జూన్ 6న వచ్చిన ప్రకటన పొడిగింపు గురించి కాదు, రద్దు గురించి: నేపాల్ కోలుకుంది కాబట్టి ఆగస్టు 5తో హోదా ముగుస్తుందన్నారు. అప్పుడు ఈయన ఏమాత్రం తడుముకోకుండా, శాన్‌ఫ్రాన్సిస్కోలో కేసు పడుతోంది, ఆ జాబితాలో పేరు చేర్పిస్తే రక్షణ ఉంటుందని మరో 500 డాలర్లు రాబట్టాడు. ఇలాగే కేసు పడిన వెనిజులా వారి టీపీఎస్ రద్దుకు కూడా సుప్రీంకోర్టు మే 19నే దారి విడిచిన సంగతి పేపరు చదివే ప్రతివారికీ తెలుసు. ఆయనకు తెలియదా?

జులై 31న ఫెడరల్ న్యాయమూర్తి ట్రినా థాంప్సన్ నేపాల్, హోండురాస్, నికరాగ్వా దేశాల వారికి రద్దును నవంబరు 18 దాకా వాయిదా వేశారు. ఆ ఉత్తర్వు ఆ హోదా ఉన్నవారందరికీ ఒకేలా వర్తించింది. దానికి జాబితా లేదు, రుసుము లేదు. కానీ నా కోడీ కుంపటీ లేకపోతే ఎలా తెల్లవారుతుందన్న ముసలమ్మలా, ఈయన ఆ సాయంత్రమే మాస్టరుకు ఫోన్ చేసి, తాను పేరు చేర్పించడం వల్లే పని అయిందని చెప్పుకుని, కొత్త చట్టంలో రుసుము పెరిగింది కాబట్టి ఇంకో 500 సిద్ధం చేసుకోమన్నాడు. టీపీఎస్ దరఖాస్తు రుసుమును చట్టం 50 డాలర్ల నుంచి 500కు పెంచిన మాట నిజమే. నేపాలీలకు అప్పుడు తెరిచి ఉన్న దరఖాస్తు ఏదీ లేదన్నది కూడా నిజమే. ఆయన మొదటి నిజాన్ని మాత్రమే చెప్పాడు. అదృష్టవశాత్తూ ఆ డబ్బు కట్టకముందే నేను రసీదు అడగమన్నాను. ప్రభుత్వం నుంచి రావలసిన రసీదు మే నెల నుంచీ "దారిలోనే" ఉందట.

ఆగస్టు 20న తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ వాయిదాను నిలిపివేసింది. మాస్టరు పని అనుమతి ఆ రోజుతోనే పోయింది. పదేళ్లకు పైగా పన్ను కడుతున్న మనిషిని వంటగదిలో నిలబడవద్దని నేనే చెప్పవలసి వచ్చింది. చట్టం తెలిసి ఉంచుకుంటే అది నా నేరం అవుతుంది.

నిన్న ఇద్దరం కలిసి ఆయన ఆఫీసుకు వెళ్లాము. ఫైలు చూపించమంటే మొదట కంప్యూటర్ పనిచేయడం లేదన్నాడు, తరువాత మెయిల్‌లో పంపిస్తానన్నాడు. మేము కదలకపోయేసరికి విసుగ్గా సొరుగు లాగి ఒక పసుపు కవరు తీసి బల్ల మీద పడేశాడు. అందులో టీపీఎస్ దరఖాస్తు అయిన ఐ-821 ఫారం, మాస్టరు ఫొటోలు, పాస్‌పోర్టు నకళ్లు, మే నెలలో పెట్టిన సంతకంతో సహా, అన్నీ భద్రంగా ఉన్నాయి. ఫారం తయారుచేసినవారు తమ పేరు రాసి సంతకం చేయవలసిన పేజీ తెల్లగా ఉంది. ఎందుకు పంపలేదని అడిగితే, సిగ్గుపడకపోగా, "పంపి ఉంటే మాత్రం ఏమయ్యేదండీ? ఎలాగూ రద్దయ్యేదే కదా. ఒక రకంగా మీకు ప్రభుత్వ రుసుము మిగిల్చాను" అన్నాడు. మిగిలినది తిరిగి ఇవ్వమంటే అది సర్వీసు చార్జీ అట.

అంతటితో ఆగినా ఇంత రాసేవాడిని కాను. మాస్టరు వైపు చూడకుండా, నాకేదో మేలు చేస్తున్నట్టు గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు: "వాడి కోసం మనలో మనకు గొడవెందుకండీ. వాడెలాగూ పోయేవాడే. మీ వచ్చే ఏడాది పన్నుల పని సగం రేటుకు చేసిపెడతాను." మా వంటగదిలో ఇన్నేళ్లు పనిచేసిన మనిషికి తెలుగు రాదని ఆయన ఎలా అనుకున్నాడో నాకు తెలియదు. మాస్టరు బల్ల మీది కవరు తీసుకుని, "ఫొటోలైనా నావే కదా సార్" అని శుభ్రమైన తెలుగులో అన్నాడు. ఆ పెద్దమనిషి ముఖంలో ఒక్క క్షణం కూడా రంగు మారలేదు. ఫోన్ మోగితే ఎత్తి, అవతల ఎవరికో "పనైపోతుందండీ" అని హామీ ఇవ్వడం మొదలుపెట్టాడు.

మనవారు ముఖ్యంగా గమనించవలసినది ఒకటుంది. స్టేటస్ పోయిన మన విద్యార్థులకు "ఇండియా టీపీఎస్" ఇప్పిస్తానని కూడా ఈయన చెబుతున్నట్టు విన్నాను. భారతదేశానికి టీపీఎస్ ఇప్పుడూ లేదు, ఇంతకుముందూ లేదు. ఫారాలు ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఇమిగ్రేషన్ విషయంలో సలహా ఇచ్చే హక్కు లైసెన్సున్న లాయర్లకూ, న్యాయశాఖ గుర్తించిన ప్రతినిధులకూ తప్ప పన్నుల కన్సల్టెంటుకు లేదు. డబ్బు ఇవ్వక తప్పకపోతే చెక్కు రూపంలోనే ఇవ్వండి. మేము టెక్సాస్ అటార్నీ జనరల్ వినియోగదారుల విభాగానికి ఫిర్యాదు రాస్తున్నాము. ఇలాగే నష్టపోయినవారు ఇంకెవరైనా ఉంటే నాకు విడిగా మెసేజ్ చేయండి. అసలు పాస్‌పోర్టు గానీ పాత పని అనుమతి కార్డు గానీ ఆయన దగ్గర ఇచ్చి ఉంచినవారు, డబ్బు సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందు వాటిని వెనక్కి తెచ్చుకోండి.