వయొలిన్ మీద సీతాకోకచిలుకలు, పియానో మీద పసుపు నది
చైనా గానసంపదను పాశ్చాత్య వాద్యాలపై పలికించిన రెండు కన్సర్టోలను (ఒక వాద్యం ముందు నిలిచి, వాద్యబృందంతో కలిసి పలికే కృతులను) వరుసగా వింటే, నా మొగ్గు వయొలిన్ వైపే. షాంఘై సంగీత కళాశాలలో 1959లో హ జన్‌హావ్, చెన్ గాంగ్ ఒక చైనా జానపద ప్రేమకథపై కూర్చిన ‘సీతాకోకచిలుక ప్రేమికులు’లో వయొలిన్ నాయిక జు యింగ్‌తాయ్‌గా, వయొలిన్ జాతిదే అయిన మంద్రస్వర వాద్యం చెల్లో ఆమె ప్రియుడు లియాంగ్ షాన్‌బోగా మాట్లాడుకుంటాయి. మెట్లు లేని తీగపై వేలు జారుతున్నప్పుడు, చైనాలోని యువె సంగీత నాటకాల గాత్రమూ, రెండు తీగల అర్హు వాద్యపు ఆర్ద్రతా (మన గమకాలకు అలవాటుపడిన చెవికి ఆ జారులు పరాయివిగా తోచవు) సహజంగా వినిపిస్తాయి.

పియానోకు ఆ జారు లేదు. షియన్ షింగ్‌హై 1939లో స్వరపరిచిన బృందగానం ఆధారంగా, మూడు దశాబ్దాల తరువాత కొందరు కలిసి రూపొందించిన ‘పసుపు నది’ కన్సర్టో ప్రవాహపు ఉరవడిని అద్భుతంగా చూపుతుంది గానీ, పల్లెగాలి వీచవలసిన మూడవ భాగంలో వెదురు వేణువును తోడు తెచ్చుకుంది.